డోరు పడ్డదా

మంగళవారం పొద్దున ఉస్తాద్ కూతురు ఫోన్ చేసింది. "నాయిన పోయిండు కాకా. చాయ్ తాగుతనని లేచి కూసున్నడు. గట్లనే గోడకు ఒరిగిండు" అన్నది. "వస్తున్న బిడ్డా" అన్నాను.  

నేను ఊరి బడిలో ఐదు దాకా చదివాను. తర్వాత లారీలు, ఆ తర్వాత కార్లు. రాయడం నా పని కాదు. కానీ ఉస్తాద్ కుడి మోకాలు ఎందుకు పోయిందో తెలిసినవాళ్లం ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కణ్నే మిగిలాను. అందుకే ఇది రాస్తున్నాను.

మేమిద్దరం తార్నాకలో ఒక కాంట్రాక్టర్ దగ్గర డ్రైవర్లం. వాళ్లది కోస్తా నుంచి ఏనాడో వచ్చిన క్రైస్తవ కుటుంబం. సారు వాళ్ల అమ్మగారు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆమెను మేడం అనేవాళ్లం. చిన్న కారు నాది, పెద్ద బండి ఉస్తాద్‌ది. ఆ పెద్ద బండికి స్ప్రింగుల బదులు గాలి సంచులు ఉండేవి. బటన్ నొక్కితే లేచేది, ఇంకోటి నొక్కితే దిగేది. మేడంకు మోకాళ్ల నొప్పులని సారు అది కొన్నాడు. ఆమె ఎక్కడానికి వస్తుంటే బండి కిందికి వంగేది. "దొరసాని సుత వంగి దండం పెడుతున్నది సూడు" అని ఉస్తాద్ బండిని చూపించి నవ్వేవాడు.

హైవే ఎక్కగానే ఆయన బండిని దించేవాడు. "ఎత్తు మీద బండి గాలికి ఊగుతది. నేలకు దగ్గరుంటే చెప్పినట్టు ఇంటది" అనేవాడు. చాయ్‌కి ఆగినచోట నాలుగు చక్రాల దగ్గరా వంగి, టైరుకూ పైన రేకుకూ మధ్య చెయ్యి పెట్టి చూసేవాడు. నాలుగు వేళ్లు దూరాలి. ఎక్కడైనా మూడే దూరితే అక్కడి సంచి గాలి వదులుతున్నట్టు. భువనగిరి దగ్గర రోడ్డు సాఫీగా ఉన్నచోట ఎంత వేగంగా పోయినా, వెనక మేడం చేతిలో కాఫీ తొణికేది కాదు. "దించుడు హైవేకు, లేపుడు ఊరికి. యాది పెట్టుకో" అని నాకు చెప్పేవాడు. బండి కదిలించే ముందు ప్రతిసారీ ఒకటే అడిగేవాడు. "డోరు పడ్డదా?"

అవి ఉద్యమం రోజులు. తార్నాకలో కళ్లు మండని వారం లేదు. బాష్పవాయువు ఇళ్లలోకి వస్తుందని మేడం కిటికీలకు తడి చీరలు కట్టించేవారు. యూనివర్సిటీ రోడ్డు మీద పొద్దున్నే చూస్తే కాలిన టైర్ల ఇనప తీగలు, ఒంటి చెప్పులు, ఎండిన రక్తం మరకలు. ఉస్తాద్ ఉద్యమం మనిషే. సెలవు దొరికితే వంటావార్పుకు పోయి రోడ్డు మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరిగి వచ్చేవాడు.

మేడం ఆటపట్టించేవారు. "ఏమయ్యా, రాష్ట్రం వస్తే నన్ను మా ఊరికి పంపించేస్తారా ఏంటి?"

"మీరు పోతే బండి ఎవలకు వంగాలె మేడం?"

ఆ రోజు హన్మకొండలో చుట్టాలను చూసి మధ్యాహ్నానికి తిరిగి వస్తున్నాం. రోజులు బాగాలేవని సారు నన్ను కూడా అదే బండిలో తోడు పంపాడు. ఉస్తాద్ పక్క సీట్లో కూర్చున్నాను. బంద్ వల్ల రోడ్డు ఖాళీగా ఉంది. ఉప్పల్ వచ్చినా ఉస్తాద్ బండి లేపలేదు. ఇంటి ముందు మేడం దిగడానికి ఎలాగూ మళ్లీ దించాలి కదా అన్నాడు.

తార్నాక చౌరస్తా మూసేసి మమ్మల్ని యూనివర్సిటీ రోడ్డు మీదికి మళ్లించారు. మలుపు తిరగగానే రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు. అవతల విద్యార్థులు. మా వెనక లాఠీలతో పోలీసులు. మధ్యలో మేం.

మొదటి రాయికి ముందు అద్దం ఉప్పు చల్లినట్టు తెల్లబడింది. బండి కడుపుకు బండరాయి గీరుకున్న చప్పుడు నా పళ్లలోకి వచ్చింది. "లేపుతున్న. గట్టిగ కూసోండి" అని ఉస్తాద్ బటన్ నొక్కాడు. లేవడానికి ఇరవై అంకెలు లెక్కపెట్టేంత సేపు పడుతుంది. కింద మోటారు గుర్రుమంది. బండి కొంచెం లేచింది. అప్పుడే నా పక్క అద్దం పగిలి రాయి వచ్చి నా ఒళ్లో పడింది.

నేను డోరు తీశాను.

పారిపోదామనే తీశాను. ఒక కాలు రోడ్డు మీద పెట్టాను. ఏ డోరు తెరిచి ఉన్నా ఆ బండి లేవడం ఆపేస్తుంది. మోటారు ఆగింది. ఉస్తాద్ ముందు ఎర్ర లైటు వెలిగింది.

"డోరు వెయ్యి. డోరు వెయ్యిరా."

నేను వెయ్యలేదు, రెండో కాలూ దించాను. వెనక మేడం "ప్రభువా, ప్రభువా" అని కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నారు. ఆమె జుట్టు నిండా గాజు పెంకులు, నుదుటి నుంచి రక్తం. ఉస్తాద్ నాకు మళ్లీ చెప్పలేదు. తన పక్క నుంచి దిగి, చుట్టూ తిరిగి వచ్చి, మేడం డోరుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఎవని బండే ఇది?" అని పదిమంది మీదికి వచ్చారు.

"లోపట ముసలామె ఉన్నది. పంతులమ్మ."

"నువ్వేడోనివి?"

"జనగామ తమ్మీ. మనోన్నే."

"జనగామోనివై గా ఆంధ్రా కాంట్రాక్టర్ బండి తోల్తవా? సిగ్గులేదు?"

"సిగ్గు తర్వాత పడుత. ముందుగాల గీ రాళ్లు జరుపుండ్రి, ఆమెను ఇల్లు చేరుస్త."

ఒక పిల్లవాడు నిజంగానే వంగి రాయి పట్టుకున్నాడు, మాకు దారి ఇవ్వడానికే. అప్పుడే గ్యాస్ షెల్ పడింది. పొగలోంచి లాఠీలు వచ్చాయి. ఎవరు ఎవరో ఎవరూ చూడలేదు. వంగిన ఆ పిల్లవాడి తల పగిలింది. ఎటు నుంచో వచ్చిన రాయి ఉస్తాద్ పెదవిని చీల్చింది. ఆయన డోరు విడిచి కదలలేదు. "డ్రైవర్‌ను సార్" అన్నాడు. కుడి మోకాలి మీద లాఠీ మూడుసార్లు పడింది. మూడోసారి చప్పుడు వేరుగా ఉంది. నేను బండి చాటున, ఐదడుగుల దూరంలో, చెవులు మూసుకుని కూర్చున్నాను. అయినా వినపడింది.

పొగ పలచబడ్డాక విద్యార్థులే రాళ్లు జరిపారు. ఉస్తాద్‌ను ఎత్తి మేడం పక్కన పడుకోబెట్టారు. నేను డోర్లన్నీ వేశాను. బండి లేచింది. అంత సులువుగా లేచింది. ఆసుపత్రి దాకా నేను నడుపుతుంటే మేడం తన కొంగుతో ఆయన నోరు తుడుస్తూనే ఉన్నారు.

అక్కడ సారు అడిగాడు. "బండి లేపితే దాటేసేవాళ్లు కదా. ఎందుకు లేపలేదు?"



"మరిచిన సార్" అన్నాడు ఉస్తాద్, చీలిన పెదవితో. "హైవే మీద దించి, లేపుడు మరిచిన."

ఆయన కాలు ఆ తర్వాత బ్రేకు తొక్కలేదు. ఆ బండి తాళంచెవి నా చేతికి వచ్చింది. మతిమరుపు డ్రైవర్ అన్న పేరు ఆయనకు మిగిలింది. చాయ్ హోటల్ దగ్గర తోటి డ్రైవర్లు "ఏం ఉస్తాద్, ఇయ్యాలన్న లేపినవా?" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆయన నవ్వేవాడు. నేను నా గ్లాసులోకి చూసేవాణ్ని.

రాష్ట్రం వచ్చాక ఒకసారి, మౌలాలిలో ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని, నోరు తెరిచాను. "ఉస్తాద్, ఆ దినం డోరు..."

"ఎర్కనే. లైటు నా కండ్ల ముందటనే ఎలిగింది గదా."

"మరి సారుకెందుకు చెప్పలే?"

"నా కాలు ఎట్లైనా పాయె. నీ నౌకరి సుత పోతే మేడంను ఎవలు తిప్పాలె?" కుడి కాలు చేత్తో జరుపుకుని అన్నాడు. "భయం అందరికైతది. భయమైనోడు డోరు ఏసుకోవాలె. గంతే."

మళ్లీ ఆ మాట రాలేదు. కానీ నేను ఎప్పుడు వెళ్లి వస్తున్నా, ఇనప గేటు దాటగానే వెనక నుంచి ఆయన గొంతు వినిపించేది. "పడ్డదా?" నేను గేటు గడియ మళ్లీ ఒకసారి లాగి చూసి, "పడ్డది ఉస్తాద్" అనేవాణ్ని.

మంగళవారం ఆయన్ను తీసుకుపోవడానికి వచ్చిన బండి పాతది. వెనక డోరు వేస్తే పడలేదు. రెండోసారీ పడలేదు. తాడుతో కడతానని ఆ డ్రైవర్ అన్నాడు. నేను వద్దన్నాను. భుజం ఆనించి, చప్పుడయ్యేదాకా నెట్టాను.

బండి నెమ్మదిగా కదిలింది. ఆ డోరు మీద అరచెయ్యి అలాగే పెట్టి, నేను వెంట నడిచాను.