ముండ్ల కంబానికి మూడు దుంగలు

ముండ్ల చెట్టు ఇంట్లో ఉంటే కొంపకు అరిష్టమని మా వాడలో నాకు చెప్పని మనిషి లేడు. అరిష్టానికి ముండ్లే కావాలా? మా ఇంటి వెనక మట్టిగుట్ట ఉంది. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మీది మట్టినీ రాళ్లనూ లారీలతో తెచ్చి పోయగా పోయగా పెరిగిన గుట్ట. నేను ఈ రెండు గదులు కట్టుకున్న కొత్తలో పొద్దు ఆరింటికి వాకిట్లో పడేది. ఇప్పుడు గుట్ట దాటి వచ్చేసరికి ఎనిమిదవుతోంది. పొద్దును కూడా డ్యూటీకి లేటుగా వచ్చేలా చేశారు, అడిగేవాడు లేడు.

ఆ నేలలో మల్లె పెట్టాను, చచ్చింది. కరివేపాకు పెట్టాను, చచ్చింది. బోరులో నీళ్లు దిగిపోయాక బొప్పాయి కూడా నిలువునా ఎండింది. సరే, ఎడారే కావాలంటే ఎడారే చేద్దామని కోపంతో వాకిలంతా ఇసుక, రాతిపొడి పోయించాను. అందులో బతికింది ఒక్కటే, మా ముండ్ల కంబం. నాగజెముడు అనుకునేరు, అది అట్టలట్టలుగా పక్కలకు పాకుతుంది. ఇది కొమ్మా రెమ్మా లేకుండా స్తంభంలా పైకి పోయే జాతి. ఒళ్లంతా నిలువు గాడులు, గట్టు గట్టు మీదా వరసగా ముండ్లు.

దాన్ని తెచ్చింది నా జోడీదారు. బొగ్గుగనిలో, భూమి లోపల మేమిద్దరం చేసింది కప్పుకు దుంగలు నిలబెట్టే పని. బొగ్గు తీసిన చోట నెత్తిమీది బండనే మేము కప్పు అంటాం. దుంగ పెట్టే ముందు ఇనుపకట్టెతో దాన్ని కొట్టి చూడాలి. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పొర విడిస్తే ఖాళీ డబ్బాలా బొదబొదమంటుంది. అప్పుడు అతను "కప్పు మాట్లాడుతాంది" అనేవాడు. ఆ మాట వింటే ఎవరూ ఎందుకని అడగరు, పనిముట్లు అక్కడే వదిలి నడుస్తారు. కప్పు మాట్లాడిందని తెలిసీ పక్కవాడికి చెప్పకపోవడం కంటే పెద్ద పాపం మా పనిలో లేదు. అతని చెవి వల్ల నేను రెండుసార్లు బతికాను.

నా ఇల్లు పూర్తయిన వారం, కంపెనీ గెస్ట్‌హౌస్ తోటమాలిని బతిమాలి జానెడు ముక్క అడిగి, సద్ది డబ్బాలో పెట్టుకొచ్చాడు. ఆ డబ్బాలో మళ్లీ అన్నం పెట్టనని వాళ్లావిడ నెల రోజులు పోట్లాడిందట. నేను వెంటనే నాటబోతే ఆపాడు. కోసిన చోటు పదిహేను రోజులు నీడలో ఆరాలన్నాడు. ఆరబెట్టి నాటితే అది ఇరవై ఏళ్లలో మా స్లాబు దాటింది.

నౌకరీ దిగిపోయాక అతను మందమర్రి పోయాడు, సొంత ఇంటికి. ఊపిరితిత్తులు పాడయ్యాయి. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. ముందు కంబం ఎట్లుందని, తర్వాత నేను ఎట్లున్నానని. "అది నిలవడ్డన్ని రోజులు మనం నిలవడ్డట్టే బావా" అనేవాడు. నవ్వులాటకే అన్నా, రాను రాను ఆ మాటలో నవ్వు తగ్గింది.

పోయిన ఎండాకాలం గాలిదుమారానికి కంబం ఒక పక్కకు ఒరిగింది. కొట్టేయమని నా భార్య అంది, పడితే నీ మీదనే పడుతుందని కూడా అంది. నేను వింటానా? ముప్పై ఏళ్లు కొండను మోసే దుంగలు పెట్టినవాణ్ని. మూడు సరుగుడు దుంగలు తెచ్చి మూడు వైపులా నిలబెట్టి, కంబానికీ దుంగకూ నడుమ చెక్కముక్కలు పెట్టి సుత్తెతో బిగించాను. వేలు దూరే సందు లేదు. వదులు దుంగ దుంగే కాదన్నది మా పనిలో మొదటి పాఠం. వాడ వాళ్లు వచ్చి చూసి మెచ్చుకున్నారు. నేను కూడా మెచ్చుకున్నాను.

దానికి తోడు ఇంకో పని. బొగ్గుపొడి పట్టి కంబం నల్లబడుతుంటే ప్రతి ఆదివారం నీళ్లు పోసి, పాత బనీనుతో ముండ్ల నడుమ తుడిచేవాణ్ని. గనిలోంచి పైకి వచ్చినవాడు స్నానం చేయకుండా అన్నం ముట్టడు కదా, చెట్టుకు మాత్రం ఎందుకుండాలి నల్లమొహం అని.

వానాకాలం నడిమికి చెక్కముక్క కింద నుంచి నల్లటి రసం కారింది. నేను మూడో తరగతితో బడి మానినా, లైబ్రరీ మానలేదు. అక్కడ తోటల పుస్తకం తిరగేస్తే తెలిసింది. మెత్తటి గుడ్డతో వదులుగా కట్టాలట, గాలికి కాస్త ఊగనివ్వాలట, ఒత్తుకుని పుండైన చోట తడి తగలొద్దట. పుస్తకం మూసి ఆ రాసినవాణ్ని తిట్టాను. వదులు దుంగ కింద మనిషి చస్తాడని నాకు నేర్పారు. బిగిసిన దుంగ కింద చెట్టు చస్తుందని ఎవడు నేర్పాడు?

చెక్కముక్కలు ఊడదీసి చూస్తే అరచేయి పట్టేంత మెత్తబడి ఉంది. ఆ ఆదివారం అతను అడిగితే, మంచిగుంది అన్నాను. తర్వాతి ఆదివారమూ అదే అన్నాను. అట్లా నాలుగు ఆదివారాలు.

అయిదో వారం, కంబాన్ని చూడటానికి వస్తానన్నాడు. దవాఖానలో ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారట. నేను పుండు కనపడకుండా గోనెసంచి చుట్టాను. నా భార్య చూసి, "అన్నకే దాస్తవా? నీ సిగ్గు మన్నువడ" అని లోపలికి పోయింది.

బిడ్డను తోడు తీసుకుని ఆటోలో వచ్చాడు. వాకిట్లో కుర్చీ వేశాను. ఊపిరి కూడదీసుకుని, "మూడు దుంగలా? కంబానికి పెట్టినవా, మట్టిగుట్టకు పెట్టినవా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కాసేపటికి లేచి చేతికర్రతో కంబాన్ని కింద నుంచి మెల్లగా కొట్టుకుంటూ పైకి పోయాడు. గోనె దాటాక కూడా కొట్టాడు. నేను దాచింది అరచేయంత పుండును. అతనికి వినపడింది అంతకంటే చాలా ఎత్తు దాకా. కర్ర ఆగింది.

"కప్పు మాట్లాడుతాంది బావా."

కొస కోసి నాటితే మళ్లీ మొలుస్తుందని ఏదో అన్నాను. అతను వినలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

నెల అయిందన్నాను.

"నెల సంది నన్ను దాని కిందనే కూసోవెట్టినవ్."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను కూడా ఒక మాట అనేవాణ్ని, నాకు అది చేతనవును. చాయ్ సగం తాగి లేచాడు. ఆటో దాకా నా భుజం పట్టుకునే నడిచాడు.

తెల్లవారి కంబాన్ని కోశాను. పుండు మీది నుంచి కొస వైపు, మంచి కండ తగిలేదాకా కోసుకుంటూ పోవాలి. మూరెడు కోశాను, నడిమధ్యన గోధుమరంగు బిళ్ల. ఇంకో మూరెడు, బిళ్ల చిన్నదైంది గానీ పోలేదు. చివరికి జానెడు మిగిలింది, అతను డబ్బాలో తెచ్చినంతే. అందులోనూ పెసరగింజంత మచ్చ. నీడలో గోడ మీద ఆరబెట్టాను. ఆరబెట్టడం అలవాటు కాబట్టి ఆరబెట్టాను, నమ్మకంతో కాదు.

ఆదివారం ఫోన్ వచ్చింది. ముందు నా ఆరోగ్యం అడిగాడు. తర్వాత వానలు అడిగాడు. కంబం మాట ఎత్తలేదు. నేనే చెప్పాను, కొస దాకా పోయింది బావా అని.

"చెప్పినవ్ గదా" అన్నాడు.

ఆ తర్వాత ఫోన్ ఎవరమూ పెట్టేయలేదు. అతని ఊపిరి వినపడుతూనే ఉంది. నా చెవి ఎన్నడూ అతని చెవంత మంచిది కాదు. అయినా ఆ చప్పుడు నాకు తెలుసు, కప్పు కింద విన్నదే.