రెండు నీళ్ళు కలిసే దూరం

పొద్దున్నే మా స్నానాలగదిలో షవరు విప్పాను. వీపు మీద గోరువెచ్చగా పడుతున్న నీళ్ళు ఒక్కసారి చుర్రుమన్నాయి, అంతలోనే చల్లబడ్డాయి. కుళాయి నేను ముట్టుకోనేలేదు. ఇరవై ఏళ్ళుగా మలికిపురం చుట్టుపక్కల ఇళ్ళకు పైపులు బిగిస్తున్నవాణ్ణి, నా ఇంటి నీళ్ళే నాకు అర్థం కావు. ఇలాంటప్పుడల్లా మా మేస్త్రి సత్యంగారు గుర్తొస్తారు.

సఖినేటిపల్లి రేవులో పడవ నడుపుకునే నాకు ఈ పని నేర్పింది ఆయనే. పొట్టి మనిషి, మహా నిదానం. వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిసే పైపు బిగించి నీళ్ళు వదిలాక, దాని పొడవునా అరచెయ్యి ఆనించి చూసేవారు. ఎందుకండీ అంటే, "కలిసేయో లేదో చూడొద్దేటయ్యా?" అనేవారు. ఒకే గొట్టంలో పడ్డాక కలవక ఎక్కడికి పోతాయని లోలోపల నవ్వుకునేవాణ్ణి.

ఒకసారి ఒకరింట్లో డాబా మీది సోలార్ వేడినీళ్ళూ ట్యాంకు చన్నీళ్ళూ కలిసే చోటు నేనే బిగించాను, కుళాయికి మరీ దగ్గరగా, రెండూ కలవడానికి దూరం చాలకుండా. చెయ్యి పెడితే హాయిగా వెచ్చగా ఉన్నాయి. మేస్త్రిగారు ఇంకా డాబా మీదే ఉన్నారు. ఆ ఇంటి మామ్మగారు నెలల మనవరాలిని తెచ్చి, "దీనికి నీళ్ళు పోయొచ్చా బాబూ?" అని అడిగారు.

"పోయండి మామ్మగారూ, పర్లేదు" అన్నాను.

ఆవిడ కాళ్ళు చాపి, పాపను వాటి మీద పడుకోబెట్టుకుని కుళాయి కిందికి జరిగారు. ఉన్నట్టుండి చుర్రుమనే నీళ్ళు పడి పాప గుక్కపట్టింది. చిట్టి పాదం ఎర్రగా కంది బొబ్బలెక్కింది.

సత్యంగారు పరుగున దిగివచ్చి, "తప్పు నాదండీ. చూడకుండా వదిలేసేను" అన్నారు. తిట్లన్నీ ఆయనే తిన్నారు. నేను పక్కనే పనిముట్లు సంచిలో సర్దుతూ ఉండిపోయాను.

దారిలో, "మీరెందుకండీ మీద వేసుకున్నారు?" అని అడిగాను.

"సముద్రం పోటప్పుడు రేవులో పైన తీపి నీళ్ళు, అడుగున ఉప్పు నీళ్ళు. ఒకే గోదారి గదా, కలిసేయా? పడవోడివి, నీకు నేను చెప్పాలా?" అన్నారు.

నేనడిగింది అది కాదు. ఆయన మాట దాటేశారో, జవాబే చెప్పారో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆయన పోయి నాలుగేళ్ళయింది. మొన్న మళ్ళీ ఆ ఇంటికే పనికి వెళ్ళాను. ఇంటర్ చదువుతున్న అమ్మాయి కాఫీ తెచ్చి, పాదం మీది మచ్చ చూపించి నవ్వింది.

"చిన్నప్పుడు మీ మేస్త్రిగారే గదండీ నా కాలు కాల్చేసేరు?"

"ఆయ్, ఆయనేనమ్మా" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. సిగ్గేసింది. బతికుండగా నా తప్పు ఆయనే తన నెత్తినేసుకున్నారు. పోయాక దాన్ని నేనే ఆయన నెత్తిన పెట్టి వచ్చాను.