వట్టివేర్ల బిందెలో బ్లీచింగ్

మా మరిది పెళ్ళి నేనే కుదిర్చానని ఊళ్ళో చెప్పుకుంటారు. నమ్మకండి. ఆ పెళ్ళి చెడగొట్టడానికి నేను పడినంత పాటు పగవాడు కూడా పడడు.

తమిళనాడులో మా కోవిల్‌పట్టి పక్క తెలుగు పల్లెల్లో పిల్లనిచ్చేవాళ్ళు ఇల్లు చూడటానికి వస్తే, సంబంధం నచ్చితేనే నీళ్ళు తాగుతారు. చెంబు కింద పెట్టి లేచారా, ఇక అంతే. నాగలాపురం పిల్ల మీద మనసుపడి మా మరిది సీని అన్నం సగానికి తగ్గించాడు. ఆ పిల్ల అవ్వదే ఆఖరి మాట.

వాళ్ళొచ్చే పొద్దున కుళాయి నీళ్ళు ఒకటే బ్లీచింగ్ కంపు. నాకా, తెలివి ఎక్కువ. బిందెలో వట్టివేర్లు వేశాను. నన్నారి, అదే సుగంధిపాల వేర్లు తోశాను. తులసి దూసి పోశాను. వేర్లకు మన్నుంటుందేమోనని, శుభ్రానికి ఇంకో పిడికెడు బ్లీచింగ్ కొట్టాను!

"ఆకూ అలమూ ఉన్న నీళ్ళలో ఈ మందు పడితే రెండూ కలిసి ఇంకో చెడ్డ సరుకు పుడుతుంది, ముందు నీళ్ళు తేట చేసుకోండి" అని ఆరోగ్యశాఖాయన మొన్ననే మీటింగు పెట్టి చెప్పాడు. అప్పుడు నేను పక్కావిడ కమ్మలు చూస్తున్నాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, నేను మందుకే మందేశాను.

అవ్వ చెంబెత్తింది. ముక్కు దగ్గరే ఆగింది.

"ఏమ్మా, ఇంట్లో ఎవురికన్నా ఆపరేసనా?"

"లేదవ్వా, వట్టివేర్లు నానిన తణ్ణి. ఒంటికి సల్లన."

"సల్లన సరే. ఆసుపత్రి గచ్చు కడిగిన వాసన ఏల వస్తాది?"

చెంబు కింద పెట్టేసింది. సీని మొహం కాల్చిన వంకాయలా ముడుచుకుపోయింది. "వదినా, నన్ను సన్నాసిని చేస్తివి గదా!" అని నా చెవిలో గొణిగి, చెంబు లాక్కున్నాడు.

"మా ఇంట్లో దినమూ ఇదే అవ్వా, రొంబ రుచి!"

గటగటా తాగాడు. కళ్ళలోంచి కారింది, ముక్కులోంచి కారింది, నవ్వు మాత్రం జారలేదు.

"ఎట్ల ఉండాది అబ్బోడా?"

"తేనె అవ్వా!"

అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. "మా పిల్ల సాంబారు ఇంతకన్నా అన్యాయం. నవ్వతా మింగే మొగోడి కోసరమే ఊరూరా తిరగతా ఉండాము. పక్కింటి నీళ్ళు తేమ్మా, తాగతా!"

అలా ముడిపడింది. తోడికోడలి సాంబారు తిన్నాక తెలిసింది, అవ్వ ఆ రోజు కాస్త తగ్గించే చెప్పిందని.

మా ఇలవేల్పు మీద ఆన: ఇక ఈ జన్మలో తాగే నీళ్ళకు నేను ఏ మేలూ చెయ్యను.