పుట్టి తిరిగిన ఉదయం

అక్క పోయిన ఏడు నెలలకు ఆమె కయాక్‌ను ఎవరికైనా ఇచ్చేద్దామని శామీర్‌పేట చెరువుకు వెళ్లాను. కయాక్ అంటే ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చుని నడుపుకునే సన్నటి పడవ. తెడ్డుకు రెండు కొసలా రెక్కలుంటాయి. కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి వేసుకుంటూ పోవాలి. అక్క దాన్ని యాభై ఆరో ఏట కొనుక్కుంది. మోకాళ్ల నొప్పులకు కాస్త నడవమని డాక్టరు చెబితే, నడక విసుగని పడవ తెచ్చుకుంది. ఆ తర్వాత అయిదేళ్లు వారానికి నాలుగు రోజులు పేట్ బషీరాబాద్‌లో తెల్లవారకముందే లేచి వెళ్లిపోయేది. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా నేను వెళ్లలేదు. నాకు చదువుకోవడానికి ఆ వేళే బాగుండేది.

ఒడ్డున అక్కతో పాటు తెడ్డు వేసేవాళ్లు అయిదుగురున్నారు. అందరిలో పెద్దాయన రిటైరైన బ్యాంకు మేనేజరు, కాకినాడ వైపు మనిషి. కుత్బుల్లాపూర్‌లో క్లినిక్ నడిపే పళ్ల డాక్టరమ్మ ఒకరు. మిగిలిన ముగ్గురూ ఆఫీసులకు వెళ్లే కుర్రవాళ్లు. వాళ్లెవరూ నన్ను పరామర్శించలేదు. మేనేజరుగారు కయాక్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, నా పక్కన నిలబడి, "మీ అక్కగారు పందెంలో మోసం చేసేవారండి" అన్నారు.

మా బంధువుల్లో అక్క ఈ ఏడు నెలల్లో దేవత అయిపోయింది. ఆమె ఓర్పు, ఆమె చల్లటి మాట అని అందరూ చెబుతుంటే, నేను ఎవరి గురించి వింటున్నానో నాకు తెలిసేది కాదు. నాతో ముప్ఫై ఏళ్లు పోట్లాడిన మనిషి ఆ మాటల్లో ఎక్కడా లేదు. ఇక్కడ ఒక్కసారిగా కనిపించింది. పందెంలో గుర్తుగా పాతిన కర్రను చుట్టి రావాలంటే, పది గజాల ముందే తిరిగి వచ్చేసేదట. ఓడిపోతే ఎదురుగాలి అనేదట. గాలి లేని రోజు కూడా అనేదట. తన నీళ్లసీసా దాచుకుని డాక్టరమ్మది తాగేసేదట. వాళ్లు ఒకరి మాటకు ఒకరు అడ్డం వచ్చి చెబుతుంటే నాకు నవ్వాగలేదు. కట్ట మీద కూలబడి నవ్వాను. కయాక్ ఎవరికీ ఇవ్వలేదు. మర్నాటి నుంచి నేనే ఎక్కాను.

వాళ్లు మామూలు మనుషులు కారు. డాక్టరమ్మ పొద్దున తొమ్మిదిలోపు ఎవరి పన్నూ ముట్టుకోదు. మేనేజరుగారు మనవరాలి బారసాలకు తడి నిక్కరుతో వెళ్లి, పీటల మీద తడి మరక చేసి వచ్చారు. సంక్రాంతి సెలవులకు ఊళ్లకు వెళ్లాల్సిన కుర్రవాళ్లు గాలి బాగుందని టికెట్లు వదులుకున్నారు. రెండు నెలల్లో నేనూ వాళ్లలాగే తయారయ్యాను. రోజూ అక్క గురించి ఏదో ఒక కొత్త నేరం బయటపడేది. దాని కోసమే వెళ్లేదాన్ని. తెడ్డు వేయడం నాకు ఇప్పటికీ సరిగా రాదు.

ఆ రాకపోవడమే ఒక మంచు ఉదయం కొంప ముంచబోయింది. నా కయాక్ అడుగున ఉండే రెక్క చేపల వలలో చిక్కుకుంది. వెనక్కి రెండుసార్లు తెడ్డు వేస్తే జారిపోయేదని తర్వాత తెలిసింది. కాని మావాళ్లు వీడియోలు చూసి, చిక్కుల్లో పడితే పనికొస్తుందని లైఫ్ జాకెట్టుకు ఒక్కొక్క చిన్న కత్తి తగిలించుకుంటారు. నాకూ తగిలించారు. చదివిన దాన్ని ఆచరించడం నా అలవాటు కనుక కత్తి తీసి కోసేశాను. బారెడు వల పోయింది.

ఆ వల ఒడ్డు పక్కన ఉండి చేపలు పట్టుకునే పెద్దమ్మది. డెబ్భైకి దగ్గరపడిన మనిషి, ఇప్పటికీ పుట్టి పడవ వేసుకుని చెరువులోకి వెళుతుంది. మేం పడవలు దించే ఒడ్డు ఆమె వాళ్లది. కొత్త వల కొనిస్తామని మేనేజరుగారు అన్నారు. ఆమె వద్దంది. వల తానే అల్లుకుంటానని, కానీ తెంపిన మనిషే దాన్ని మళ్లీ చెరువులో వేయాలని చెప్పింది. చేపలు పట్టేవాళ్లలో అదే పద్ధతి. వల వదిలేది ఆమె, పుట్టి నడిపేది నేను. చేతకాకపోతే మా పడవలు ఆ ఒడ్డున దిగడానికి లేదు. ఇంకో ఒడ్డు మాకు లేదు. కట్టకు అవతల అంతా గోడలూ ఫంక్షన్ హాళ్లూ. ఒడ్డు పోతే ఈ అయిదుగురూ చెదిరిపోతారు. నేను మళ్లీ దేవత ఉన్న ఇంట్లో కూర్చోవాలి.

మూడో రోజు వల సిద్ధమైంది. చెరువులో పాతిన రెండు కర్రల మధ్య దాన్ని వేయాలి. మేనేజరుగారు నాకు ధైర్యం చెప్పారు. అక్క ఒక్క పూటలో పుట్టి నేర్చుకుని అవతలి ఒడ్డుదాకా వెళ్లి వచ్చిందని, ఆ మాట తానే వాళ్లకు చెప్పిందని అన్నారు.

పుట్టి గుండ్రంగా బుట్టలా ఉంటుంది. దానికి ముందూ వెనకా లేవు. నేను కయాక్‌లో వేసినట్టు పక్కన తెడ్డు వేశాను. పుట్టి గిర్రున తిరిగింది. కట్ట కనిపించింది, రోడ్డు కనిపించింది, పెద్దమ్మ కనిపించింది, మళ్లీ కట్ట. రెండోవైపు వేయమని ఒడ్డు నుంచి మేనేజరుగారు అరిచారు. వేశాను. ఈసారి అటు నుంచి ఇటు తిరిగింది. డాక్టరమ్మ ఇంకేదో చెప్పింది. అదీ చేశాను. ఒడ్డున అయిదుగురికీ కయాక్ తప్ప ఏమీ తెలియదని అప్పటికి నాకు అర్థమైంది. ఏడెనిమిది చుట్లకు నాకు కళ్లు తిరిగాయి, దాంతో పాటు నవ్వు మొదలైంది. తెడ్డు పట్టు జారేంత నవ్వు. పెద్దమ్మ వల ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"అయిందా?" అంది. "ఇగ జెప్తున్న ఇను. పక్కకు గాదు బిడ్డా. మోకాళ్ల మీద గూసొని ముంగటికి వంగు. నీళ్లను నీ దిక్కు గుంజుకో. గా కట్ట దిక్కు జూడకు, కర్ర దిక్కు జూడు."

వంగి లాగాను. పుట్టి సగం చుట్టు తిరిగి, ఆగి, కొద్దిగా ముందుకు కదిలింది. ఇంకోసారి లాగాను. వెనక నుంచి వల నీళ్లలోకి జారుతున్న చప్పుడు వినిపించింది. అక్క నిజంగా ఒక్క పూటలో నేర్చుకుందా అని అడిగాను.

"మీ అక్కనా? ఆమె గీ పుట్టిల ఎన్నడు గూసోలె. నేనే ఎన్నిసార్లు పిలిసిన. ఒక్క కాలు వెట్టి, అది కదిలేసరికి ఒడ్డు మీదికి దుంకింది. మస్తు భయం ఆమెకు."

నాకు మళ్లీ నవ్వు వచ్చింది. పుట్టి మళ్లీ తిరిగింది. వల మా చుట్టూ చుట్టుకోకుండా పెద్దమ్మ చేత్తో ఎత్తి పట్టుకుని, నవ్వడమో నడపడమో ఏదో ఒకటి చెయ్యమంది. రెండూ చేశాను. అవతలి కర్ర చేరేసరికి నా చీర మోకాళ్ల దాకా తడిసింది, రెండు భుజాలూ మండుతున్నాయి. వలను తేల్చే తెల్లటి థర్మకోల్ బెండ్లు నీటి మీద పాములా మెలికలు తిరిగి ఉన్నాయి. పెద్దమ్మ వాటి వంక చాలాసేపు చూసింది.

"వంకరనే పడ్డది," అంది. "పడనీ. చేపలు వచ్చి టేపు వెట్టి కొలుస్తయా. రేపు పొద్దుగాల రా. ఏసినోళ్లే ఎత్తాలె. మీవోళ్ల పడవలను గీ బెండ్లకు దూరం పొమ్మను."

ఒడ్డుకు రాగానే అక్క పుట్టి సంగతి చెప్పేశాను. ఆమె మీద చాడీ చెప్పడం నాకు అదే మొదలు. మేనేజరుగారు, అయిదేళ్లు నమ్మానండి, ఆవిడ వల్ల పుట్టి జోలికి వెళ్లడానికే సిగ్గుపడ్డాను అన్నారు. డాక్టరమ్మ నవ్వి నవ్వి ఎక్కిళ్లు తెచ్చుకుంది. తర్వాత మర్నాడు పుట్టిలో నా వెంట ఎవరు రావాలని గొడవ పడ్డారు. పుట్టిలో ఇద్దరికే చోటు, ఆ రెండో మనిషి తానేనని పెద్దమ్మ తేల్చేసింది.

అయినా మర్నాడు నేను వెళ్లేసరికి అయిదుగురూ వచ్చి నీళ్లలో మోకాళ్ల లోతున నిలబడి ఉన్నారు. వాళ్ల కయాక్‌లు ఒడ్డునే ఉన్నాయి. పెద్దమ్మ తెడ్డు నా చేతికిచ్చింది. ఒక్క చుట్టు తిరిగాక పుట్టి ముందుకు కదిలింది.