బండల కింది గుంత

హర్షా, లల్లీ... ఫోను స్పీకర్లో పెట్టి ఇద్దరూ దగ్గరికి జరగండి. మీరు పుణెలో పాత కంప్యూటరు ఒకటి కొంటున్నారని మీ అమ్మ చెప్పింది. కొనండి, నేను వద్దనను. కానీ ముందు నాకు జరిగింది వినండి. అవ్వ కతలు అల్లుతోంది అనుకోవద్దు. ఈ ఫోను పట్టుకున్న చేత్తో అబద్ధం ఆడను. ఇక్కడే, నందికొట్కూరులో, మన ఇంట్లోనే జరిగింది.

మా సుబ్బక్క, మీరు పెద్దవ్వ అని పిలిచేవారే... నాతోనే ఉండేది, పోయిన ఏడాది కాలం చేసింది. అక్క దంపుడు పాటలు పాడుతుంటే మైకు పెట్టి మన కంప్యూటర్లో రికార్డు చేశాను. ఆ పాటలు ఇంకెక్కడా లేవు. ఆ ఒక్క డబ్బాలోనే.

ఈ ఎండాకాలం దానికి ఏదో పట్టింది. తనంతట తనే ఆరిపోతుంది... కాసేపటికి తనే వెలుగుతుంది. డబ్బా మీద చెయ్యి పెడితే చీమలు పాకినట్టు జివ్వుమంటుంది. బాగుచేసే మస్తాన్ వచ్చి పవర్ సప్లై మార్చాడు. ర్యామ్ ఊడదీసి, పెన్సిలు రబ్బరుతో దాని అంచు తుడిచి మళ్లీ పెట్టాడు. కొన్నాళ్లు బాగుంది. మళ్లీ అదే వరస.

మీ మామకు విసుగొచ్చింది.

"ఏమ్మా, ఆ డబ్బాను ఇంకా ఎన్నాళ్లు మోస్తావు? పొద్దున్నే పాత సామాన్లోనికి ఏసేస్తా. కొత్తది తెచ్చుకుందాంలే."

"దాంట్లో అక్క ఉండాది కదప్పా," అన్నాను.

"పెద్దమ్మ పాటలా? అయితే రాత్రికే పెన్‌డ్రైవులోకి ఎక్కించుకో. పొద్దున నన్ను ఆపాకు."

ఆ రాత్రి అన్నాలయ్యాక వాళ్లంతా మిద్దె మీద పడుకోవడానికి పోయారు. నేనొక్కదాన్నే కింద. పెన్‌డ్రైవు పెట్టాను. తెర మీద పచ్చ గీత నిండుతోంది... నిండుతోంది... సగం అయింది. టక్. ఆరిపోయింది.

తనే వెలిగింది. మళ్లీ మొదలుపెట్టాను. సగం దగ్గర... టక్.

ఇంకోసారి. మళ్లీ ఆ సగం దగ్గరే.

పెన్‌డ్రైవు తీయబోతే చెయ్యి డబ్బాకు తగిలింది. జివ్వు... ఈసారి మోచేతి దాకా. చెప్పులేసుకుని స్విచ్చి ఆపి, కంప్యూటరు ప్లగ్గు పీకేశాను. ఫ్యాను చప్పుడు సన్నబడింది... సన్నబడింది... ఆగింది. తెర నల్లగా అయిపోయింది. గోడ మీద బల్లి కూడా కదల్లేదు.

అప్పుడు... స్పీకర్లలో గర్... అని. ఇసుక జల్లెడ పట్టినట్టు. ప్లగ్గు నా చేతిలోనే ఉంది. ఊపిరి బిగబట్టి విన్నాను. ఆ గరగరలో నుంచి... శానా సన్నగా...

"నీళ్లు పోస్తివా అమ్మీ..."

అక్క గొంతు.

భయమేసింది, దాచను. కానీ ఆ భయంలోనే ఒక ప్రశ్న గుచ్చుకుంది. ఏ నీళ్లు?

అంతలోనే తట్టింది. ఇల్లు కట్టినప్పుడు కరెంటు పని చేసినాయన వంటింటి వెనక గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, కడ్డీ పాతాడు, ఎర్తు అంటారే అది. వైర్లలో ఎక్కడైనా కరెంటు కారితే ఆ కడ్డీ గుండా భూమిలోకి దిగిపోవాలి. అందుకు మట్టి తడిగా ఉండాలి. మన ఎండలకు తడి ఎక్కడ నిలుస్తుంది? అందుకని అక్క రోజూ బియ్యం కడిగిన నీళ్లు ఆ గుంతలో పోసేది. తను ఊళ్లో లేనప్పుడు ఫోను చేసి మరీ అడిగేది, సరిగ్గా ఇదే మాట. అక్క పోయాక ఎవరూ పోయలేదు. ఉగాదికి ముందు మీ మామ పెరడంతా కడప బండలు పరిపించాడు. నున్నగా, దుమ్ము లేకుండా, బలే ఉందనుకున్నాం. ఆ గుంత బండల కిందికి పోయింది.

బిందె తీసుకుని పెరట్లోకి పోయాను. గుంత ఎక్కడుండేదో గుర్తు చేసుకుని బండల సందులో పోశాను. సుయ్... మని పీల్చుకుంది. ఇంకా పోశాను. ఇంకా పీల్చుకుంది. చీకట్లో ఆ చప్పుడు... ఎవరో దాహంగా తాగుతున్నట్టే ఉంది.

పొద్దున మీ మామ డబ్బా ఎత్తబోతుంటే అడ్డం కూర్చున్నాను. మస్తాన్‌ను పిలిపించి బండ లేపించాను. పైన తడి, కింద బూడిద లాంటి పొడి మట్టి. కడ్డీకి కట్టిన తీగ ఊడి వేలాడుతోంది.

"ఇంటికి ఎర్తే లేదు గదమ్మా. నేనేమో డబ్బాలో ఎతుకుతాంటి," అన్నాడు మస్తాన్. "నీకెట్ల తెలిసె?"

"అక్క చెప్పె."

మీ మామ నవ్వాడు. "ఇంగేం, పెద్దమ్మనే రిపేరికి పిలుచుకుంటే సరిపోతాండె."

తీగ బిగించి, గుంత తడిపి, ప్లగ్గు పెట్టాం. డబ్బా ముట్టుకుంటే ఏమీ లేదు. పచ్చ గీత సగం దాటింది... చివరిదాకా పోయింది. అక్క పాటలు నా చేతికొచ్చాయి.

కాబట్టి నాయనా, రంగు లైట్లు చూసి మోసపోవద్దు. పాతది కొనేటప్పుడు చాలాసేపు నడిపించి ఫ్యాను చప్పుడు వినండి. మూడు కాళ్ల ప్లగ్గులో ఎర్తుకు పోయే పెద్ద కాలు విరగ్గొట్టొద్దు. చెయ్యి జివ్వుమంటే ఇంక ముట్టుకోకుండా, కరెంటాయనతో ముందు ఇంటి ఎర్తు చూపించండి. ర్యాములూ డిస్కులూ తర్వాత. ముఖ్యమైనవి రెండు చోట్ల దాచుకోండి.

ఆ తర్వాత అక్క రికార్డులన్నీ మొదటి నుంచి విన్నాను. పాటలున్నాయి, దగ్గు ఉంది, రోకలి చప్పుడు ఉంది. ఆ మాట మాత్రం... ఎక్కడా లేదు.

"ఎర్తు లేకుంటే స్పీకర్లు యాడెయాడివో మాటలు పట్టుకుంటాయమ్మా, రేడియో మాదిరి," అన్నాడు మస్తాన్. కావచ్చు. స్పీకర్ల ప్లగ్గు వేరు, అది నేను పీకలేదు. కానీ ఏ రేడియోలో నన్ను అమ్మీ అంటారు?

ఇప్పుడు ఆ బండకు చిన్న బెజ్జం కొట్టించాం. రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోస్తున్నాను. పోసినప్పుడల్లా "పోసినా అక్కా" అని పైకే అంటాను. వింటుందో లేదో...

ఆ స్పీకర్ల ప్లగ్గు మాత్రం ఇంతవరకూ పీకలేదు.