తమార్ ఇంటి రాళ్ళు

డెల్మర్ ఐసమ్‌కి డెబ్బై ఏళ్ళు. ఆ డెబ్బైలో ఆయన పదకొండుసార్లు చచ్చిపోయాడు. చంపినవాడు మాత్రం ఒక్కడే, మార్షల్ కాల్డర్. బందిపోటుగా ఆరుసార్లు, గుర్రాల దొంగగా నాలుగుసార్లు, ఇంకోసారి మార్షల్ గురి తప్పి, సొంత మనిషిగా. అమెరికాలో, దక్షిణ యూటా ఎర్ర కొండల మధ్య కెడ్రాన్ ఊళ్ళో ఇది చిన్న ఘనత కాదు. డెల్మర్‌కి మాత్రం ఆ మార్షల్ పేరెత్తితే తిన్నది వంటబట్టేది కాదు.

డెల్మర్ ఆ చావు వేషాలన్నీ వేసిన కౌబాయ్ సీరియల్ ‘మార్షల్ కాల్డర్’ టీవీలో తొమ్మిదేళ్ళు నడిచింది. 1958లో మొదలై ఆరేళ్ళు నలుపు తెలుపుల్లో, మూడేళ్ళు రంగుల్లో. ఆపైన నలభై ఏళ్ళుగా మధ్యాహ్నప్పూట వేసిందే వేస్తున్నారు, చద్దికూడు వేడిచేసి వడ్డించినట్టు. షూటింగుకి వచ్చిన మొదటి వారంలోనే నిర్మాతలు కెడ్రాన్‌ని చూసి పెదవి విరిచారు. పడమటి సీమ ఊరన్నాక సారా కొట్టు లేదేమిటన్నారు. కెడ్రాన్ మార్మన్లనే క్రైస్తవ శాఖవాళ్ళ ఊరు. సారా సంగతి దేవుడెరుగు, కాఫీ తాగినవాడి గురించే ఇక్కడ గుసగుసగా చెప్పుకుంటారు. పోనీ ఉరికంబం ఏదన్నారు. ఇక్కడి పెద్దలు కొట్టుకున్నదల్లా కాలవ నీళ్ళ వంతుల దగ్గర, అదీ పారలతో. ఇలా మా చరిత్రలో ఉన్న లోపాలన్నీ ఆ మహానుభావులు ప్లైవుడ్డుతో సరిదిద్దారు. రంగుల టీవీ వచ్చిన ఏడు, ఎర్ర కొండ చాలినంత ఎర్రగా లేదని దానికీ గొట్టంతో రంగు కొట్టారు. కొండ అభ్యంతరం చెప్పలేదు.

డెల్మర్‌ని తొలిచేసింది ఇల్లు. ఆయన ముత్తవ్వ తమార్, భర్త పోయాక ఐదుగురు పిల్లలతో, ఏటి ఒడ్డున రాయి మీద రాయి పేర్చి స్వయంగా కట్టుకున్న ఇల్లు. దర్శకుడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, “ఇది పాత ఇల్లులా లేదు,” అన్నాడు. షూటింగ్ అయ్యాక ఉన్నది ఉన్నట్టు కట్టి ఇస్తామని డెల్మర్ తండ్రిని నమ్మించి, పొలానికి తొంభైతొమ్మిదేళ్ళ కౌలు కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఇల్లు పడగొట్టారు. అదే చోట చెక్కతో ‘వలసదారుల ఇల్లు’ నిలబెట్టారు. దానికి ముఖం ఉంది, వీపు లేదు. గాలికి పడకుండా వెనక ఊతకర్రలు పెట్టి, వాటి మొదళ్ళ మీద తమార్ రాళ్ళనే బరువుగా పేర్చారు. పక్కనున్న సారా కొట్టుకీ అదే వైద్యం. తొమ్మిదేళ్ళయ్యాక కంపెనీ ఆ చెక్క ఊరిని కౌలుతో సహా ఊరికి దానమిచ్చి, కారెక్కింది. మరుసటేడు తండ్రి పోయేముందు మంచం మీద అడిగింది ఒక్కటే. “మా నాయనమ్మ రాళ్ళు ఇంటికి తీసుకురారా.” అప్పట్నుంచి డెల్మర్ ఆ రాళ్ళ కోసమూ, తమార్ పేరు కోసమూ అర్జీలు పెడుతూనే ఉన్నాడు.

సీరియల్‌కి యాభై ఏళ్ళు నిండాయి. ఉత్సవానికి నెల ముందు, ఉత్సవ సంఘం అధ్యక్షురాలు లరూ బ్రింకర్‌హాఫ్ ఆకుపచ్చ జెల్లీ గిన్నెతో వాళ్ళింటికి వచ్చింది.

“బ్రదర్ ఐసమ్, శుభవార్త. వలసదారుల ఇంటికి కంచు ఫలకం వేయిస్తున్నాం. తెర మీరే తీయాలి.”

“ఏమని రాయించావు?”

“1872లో వలసదారులు కాపురమున్న అసలు ఇల్లు, అని.”

“అది యాభై ఎనిమిదిలో కట్టింది, లరూ. మేకులు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.”

“అదే మరి. యాభై ఏళ్ళు నిండితే చారిత్రకమేనండీ.”

డెల్మర్ భార్య నోలా స్టవ్ దగ్గర్నుంచే, “అలాగైతే ఈయన్నీ జాబితాలో రాసుకో తల్లీ. వీపు కూడా ఉంది,” అంది.

“మరి తమార్ పేరు?” అన్నాడు డెల్మర్.

“ఆవిడ సీరియల్లో లేదు కదండీ. చూడ్డానికొచ్చేవాళ్ళు అయోమయపడతారు.”

డెల్మర్ నోట్లో జెల్లీ చేదెక్కింది. మింగి, “సరే, వెనకున్న ఆ రాళ్ళు నాకిప్పించు,” అన్నాడు.

“ఆ రాళ్ళా? తీసుకెళ్ళండి, పుణ్యముంటుంది. పాములు చేరుతున్నాయి. ఎలాగూ ఏ భాగంలోనూ కనబడవు.”

“కాగితం మీద రాసివ్వు.”

రాసిచ్చింది. సదరు రాళ్ళకు సీరియల్‌తో సంబంధం లేదు గనకా, చారిత్రక విలువ బొత్తిగా లేదు గనకా, డెల్మర్ ఐసమ్ వాటిని తీసుకుపోవచ్చును. సంతకం, తేదీ, సంఘం ముద్ర. ఒక విధవరాలి కష్టానికి విలువ లేదని ముద్రవేసి చెప్పిన ఆ కాగితాన్ని చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో అందుకుని, ఆయన జేబులో పెట్టుకున్నాడు.

“ఒక మాట చెబుతాను విను. ఆ చెక్కల్ని నిలబెట్టింది ఈ రాళ్ళే. ముందు వెనకాల గట్టి స్తంభాలు పాతించుకో.”

“రాళ్ళు కాదు బ్రదర్ ఐసమ్, వాటిని నిలబెట్టింది అభిమానుల ప్రేమ.”

ఇంత మాట అన్నాక ఇక ఇంజనీరుతో పనేముంది?

డెల్మర్ రోజూ పికప్ ట్రక్కులో రాళ్ళు తోలాడు.

“ముసలాడికి రాళ్ళ పిచ్చి పట్టిందని మీ తమ్ముడి పెళ్ళాం అంటోంది,” అంది నోలా.

“నువ్వేమన్నావు?”

“ఇప్పుడు కొత్తగా పట్టింది కాదన్నాను.”

పొయ్యి రాయి అన్నిటికన్నా అడుగున దొరికింది. తమార్ కత్తి నూరి నూరి పడ్డ గాడి దాని మీద ఇంకా ఉంది. డెల్మర్ ఆ గాడిలో బొటనవేలు పెట్టి, ఎండలో చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

ఆగస్టు ఉత్సవానికి నాలుగు వందల మంది పెద్దమనుషులు, మనవలున్నవాళ్ళు, నడుముకి బొమ్మ తుపాకులు కట్టుకుని సిగ్గులేకుండా దిగారు. తీపి సోడా తాగి తూలినట్టు నటించారు. ఒకడు డెల్మర్ దగ్గరికొచ్చి, మా ఆవిడ చూస్తుంది, ఒక్కసారి చచ్చిపోండి అని బతిమాలాడు. డెల్మర్ అతనికి వీపు తిప్పాడు. తెర తీయనని ముందే చెప్పేశాడు. తెల్లారగట్లే వచ్చి, చెక్క ఇళ్ళకి ముప్పై అడుగుల ఇవతల తాడు మాత్రం కట్టి ఉంచాడు. అలంకరణ అనుకుని లరూ దానికి జెండాలు వేలాడదీయించింది.

మూడింటికి, తాడుకి ఇవతల నిలబడి, “తుఫానులకు చలించని ఈ గృహం,” అని లరూ ఉపన్యాసం అందుకుంది. మూడింటికే రోజూ వచ్చే లోయ గాలి వెనకనుంచి వచ్చింది. వలసదారుల ఇల్లు సభకి నమస్కారం పెట్టినట్టు ముందుకి వంగి, బోర్లా పడింది. సారా కొట్టు దాన్ని అనుసరించింది. దుమ్ము తాడు దాకా వచ్చి ఆగింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒకాయన టోపీ తీసి, తరవాతి ఆట ఎన్నింటికని అడిగాడు. మనుషుల మీద డెల్మర్‌కి మిగిలిన కాస్త ఆశా ఆ దుమ్ములోనే కలిసింది.

సోమవారం లరూ మళ్ళీ వచ్చింది, జెల్లీ లేకుండా.

“రాళ్ళు తిరిగిచ్చేయండి. మళ్ళీ నిలబెడతాం. ఫలకం మీద తమార్ పేరు వేయిస్తాను, పెద్ద అక్షరాలతో.”

నలభై ఏళ్ళు అడిగి అడిగి అలిసిపోయిన పేరు. నోలా కూడా గరిటె పక్కన పెట్టి ఆయన మొహంకేసి చూసింది.

“పేరు దేని మీద ఉంటుంది, రాళ్ళ మీదా చెక్క మీదా?”

“చెక్క మీదేనండీ. రాళ్ళు వెనకాల కదా ఉండేది.”

డెల్మర్ జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. “చారిత్రక విలువ బొత్తిగా లేని రాళ్ళమ్మా ఇవి. నీ చేతిరాతే. ఇలాంటివి ఫలకం వెనక పెడితే సంఘానికి అప్రతిష్ఠ.”

ఆకులు రాలే వేళకి డెల్మర్ పెరట్లో రాతి గోడలు మోకాలెత్తు లేచాయి. రోడ్డు మీద కారు ఆపి, టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి కెమెరాతో కంచె దగ్గరికి వచ్చాడు.

“పెద్దాయనా, ఈ ఇల్లు ఏ భాగంలో వచ్చింది?”

“దేంట్లోనూ రాలేదు.”

ఆ మనిషి మొహం చిన్నబుచ్చుకుని, కెమెరా సంచిలో పెట్టేసుకుని వెళ్ళిపోయాడు. కారు కనుమరుగయ్యేదాకా చూసి, డెల్మర్ కంచె అవతలికి ఉమ్మి, తాపీ అందుకున్నాడు.