నోటి వైపు నుంచి

మూడు రోజులుగా ఆ ఇంట్లో తండ్రీకొడుకులకి మాటల్లేవు. చెప్పాల్సిందంతా కోడలికి చెబుతున్నారు. ఒకే బల్లకి అటొకరు ఇటొకరు కూర్చుని, మూరెడు దూరంలో ఉన్న మనిషికి ఆమె చేత కబుర్లు పంపుతున్నారు.

"మీ ఆయనకి చెప్పమ్మా, ఇంగ్లండు పద్ధతంటే కొలత. గిన్నె, కాడ, గొట్టం అన్నీ లెక్కలో ఉంటాయి. పైపంటే అదీ."

"మీ మామగారికి చెప్పు, ఆ లెక్కలు పాతబడిపోయాయని. డెన్మార్కువాడు చెక్కలో చార చూసి దాని వెంట పోతాడు. ఒక పైపులాగా ఇంకోటి ఉండదు. ఇవాళ కొనేవాడికి కావలసింది అది."

కోడలు ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇద్దరికీ చెవులున్నాయి కదా అనుకుని, వైసులో బిగించిన నోటి గొట్టాన్ని ఆకురాయితో అరగదీస్తూ కూర్చుంది.

వాళ్లది పొగాకు పైపులు చేసే ఇల్లు. వీధి గదిలో లేత్, రంపం మిషన్. వెనక గదిలో తాళం వేసిన అల్మరా. అందులో ఇరవై ఆరు బ్రయర్ దిమ్మలున్నాయి. బ్రయర్ పొద వేరుగడ్డని కోసి, ఉడకబెట్టి, ఏళ్ల తరబడి ఆరబెడితే గానీ పైపుకి పనికిరాదు. ఈ ఇరవై ఆరూ పద్నాలుగేళ్లుగా ఆరుతున్నాయి. ఇలాంటి చెక్క మళ్లీ నా జన్మలో దొరకదంటూ మామగారు తాళంచెవి చొక్కా లోపలి జేబులో పెట్టుకు తిరుగుతున్నారు.

గొడవంతా పైపుల దుకాణం ఆయన చేసిన ఒక్క ఫోనుతో మొదలైంది. "మీ పైపులు ఒకటి ఇంగ్లండులాగా, ఒకటి డెన్మార్కులాగా ఉంటే నేను ఏ అరలో పెట్టను? చూడగానే మీ ఇంటిదని తెలియాలి. మీకు నచ్చిన దేశం ఏదో తేల్చుకుని రెండు డజన్లు చేయండి. శుక్రవారం అయిదింటికి ఫోన్ చేస్తా. అప్పటికీ తేలకపోతే వేరేవాళ్లని చూసుకుంటా."

ఇవాళ శుక్రవారం. గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది.

ఇంగ్లండయితే భర్త సోమవారం నుంచి కుర్చీల ఫ్యాక్టరీకి పోతాడు. దరఖాస్తు మడత పెట్టి జేబులో సిద్ధంగా ఉంచుకున్నాడు. డెన్మార్కయితే అల్మరా తాళంచెవి బయటికి రాదు. ఏది తేలినా ఈ గది మూతపడుతుంది. కిటికీ పక్కన పంతొమ్మిదేళ్లుగా ఆమె కూర్చుంటున్న ఎత్తు స్టూలు కూడా అక్కడితో సరి. ఆ సంగతి మాత్రం ఎవరి నోటా రాలేదు. పైపులు చేసేది తండ్రీకొడుకులని, ఆమె గొట్టాలు బాగుచేస్తుందని లోకం లెక్క. వీధిలో ఆమె పేరు కూడా గొట్టాలావిడ.

నాలుగు కావస్తుండగా మామగారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, మేమిద్దరం ఇలా తెల్లారేదాకా కూర్చున్నా తేలదు. నువ్వు చెప్పు. ఏ దేశం?"

భర్త పకాలున నవ్వాడు. "దాన్నడుగుతావేంటి నాన్నా? పైపు కొస తప్ప పైపు మొత్తం ఎప్పుడు చూసిందని?"

"అదీ నిజమేలేరా," అన్నారు మామగారు.

మూడు రోజుల తర్వాత వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకున్న మొదటి మాట అది. ఇద్దరినీ కలిపింది తన మీద వేళాకోళమే అయినందుకు ఆమెకి ఒళ్లు మండింది. ఆకురాయి బల్ల మీద పెట్టేసి, స్టూలు కింద నుంచి పాత బిస్కెట్ల డబ్బా లాగి, ఇద్దరి మధ్యా బోర్లించింది.

నోటి గొట్టాలు గలగలమని పడ్డాయి. నల్లవి, పచ్చబడ్డవి, విరిగినవి. ఇన్నేళ్లుగా మరమ్మతుకి వచ్చిన పైపులకి కొత్త గొట్టం వేసినప్పుడల్లా పాతది ఇందులో పడేస్తూ వచ్చింది.

"ఏంటీ చెత్త?" అన్నాడు భర్త.

"చెత్తేనండీ. కొసలు చూడండి, కొసలు చూడ్డమే కదా నాకు తెలిసింది." ఆమె వేళ్లు చకచకా ఏరి మూడు కుప్పలు చేశాయి. "మామయ్యగారూ, ఇవి మీ ఇంగ్లండు తీరువి. తెగేదాకా కొరికారు. పని చేసుకుంటూ పళ్లతో పట్టుకునేవాళ్లవి. గొట్టం మందం, పట్టు చిక్కదు. అందుకని ఇంకా గట్టిగా కొరుకుతారు."

మామగారు ఒక గొట్టం తీసి కళ్లద్దాలకి దగ్గరగా పెట్టుకున్నారు.

"చూశావా?" అన్నాడు భర్త హుషారుగా.

"మీవి చూడండి. ఒక్క గాటు లేదు. ఎందుకో చెప్పండి."

"సుఖంగా ఉంటాయి గనక."

"నోట్లో ఆగవు గనక. అంత గిన్నె పెడితే చేత్తో పట్టుకోవాల్సిందే. ఇవన్నీ విరిగొచ్చినవి. చేతిలోంచి జారిపడి."

భర్త ముఖం మాడిపోయింది. మామగారు నవ్వబోయి, చేతిలోని గొట్టం చూసుకుని ఆగిపోయారు.

మూడో కుప్ప చిన్నది, పదకొండో పన్నెండో. ఒకప్పుడు ఎవరో ఇటలీ నుంచి తెచ్చిన వంపు పైపు చూసి మామగారు సరదాకి కొన్ని చేశారు. వాటివి. కొసలు పల్చగా, వెడల్పుగా ఉన్నాయి. గాట్లున్నాయి గానీ లోతు లేదు. పైనా కిందా సమానంగా పడ్డాయి.

"పాడవకపోతే నీ దగ్గరికెందుకొచ్చాయి మరి?" భర్త వదల్లేదు.

"వాడి వాడి రంగుపోయి. మెరుగు పెడితే చాలంటే వినరు. కొత్తది వెయ్యండి, ఇదే కొలత, వెంట్రుకవాసి కూడా తేడా రాకూడదంటారు. అలా అడిగినవాళ్లు వీళ్లే." ఆ చిన్న కుప్పని ఇద్దరి మధ్యకీ తోసింది. "నాకు ఇటలీ కావాలి."

నాలుగుంబావు. మామగారు లేచి వెనక గదిలోకి వెళ్లారు. తాళం తీసిన చప్పుడు వినిపించింది. ఒక దిమ్మ తెచ్చి ఆమె ముందు పెట్టి, పెన్సిల్ అందించారు.

"అన్నదానివి నువ్వే గియ్యి."

ఆమె పెన్సిల్ అందుకుంది. దిమ్మ మీద ఎన్నడూ గీత గీయలేదు. రెండు డజన్లు కావాలి, ఉన్నవి ఇరవై ఆరు. రెండు పోవచ్చు, మూడోది పోతే ఒప్పుకున్న మాట పోతుంది. ఎవరైనా ముందు గిన్నె గీసి, తర్వాత కాడ దింపుతారు. ఆమెకి ఆ దారి తెలియదు. దిమ్మని ఒక కాగితం మీద పెట్టి, కాగితం చివర పళ్లు పట్టే చోటు గుర్తు పెట్టుకుంది. అక్కడి నుంచి గొట్టం, ఆ వంపులోనే చెక్క మీదికి ఎక్కి కాడ, చివరికి గిన్నె.

"తలకిందులుగా గీస్తోంది," అన్నాడు భర్త. కానీ తువ్వాలుతో చేతులు తుడుచుకుని రంపం మిషన్ దగ్గరికి నడిచాడు.

రంపం గీత వెంట పోయింది. మామగారు కోసిన ముఖాన్ని తడిగుడ్డతో తుడిచారు. చారలు నిలువునా లేచి కనబడ్డాయి. గిన్నె గోడకి సరిగ్గా మధ్యలో, మిరియపు గింజంత నల్లటి గుంట.

చెక్కలో దాక్కున్న ఇసుక తొర్ర అది. పొగాకు వెలిగిస్తే ఆ గోడ కాలిపోతుంది. దిమ్మ పోయింది.

ఇలా ఒక దిమ్మ పోతే వారం రోజులు కొడుకుని దులిపేసే మనిషి మామగారు. భర్త కూడా తండ్రి ముఖమే చూస్తున్నాడు. గడియారం అయిదు కొట్టకముందే ఫోన్ మోగింది.

మామగారు ఆ ముక్కని కిటికీలో పెట్టారు. వెనక గదిలోకి వెళ్లి ఇంకో దిమ్మ తెచ్చారు. ఈసారి తాళం వేసిన చప్పుడు వినపడలేదు.

ఫోన్ మోగుతూనే ఉంది. భర్త ఎత్తాడు. "ఆఁ, నేనేనండీ... తేలింది." తండ్రి వైపు చూశాడు. ఆయన తలెత్తలేదు, కొత్త దిమ్మని తడిగుడ్డతో తుడుస్తున్నారు. "ఇటలీ అండీ. అవును, ఇద్దరం... కాదు, ముగ్గురం."

"అలా చెవులప్పగించి నుంచున్నావేంటమ్మా?" అన్నారు మామగారు, పెన్సిల్ ఆమె వైపు దొర్లించి. "గియ్యి. నోటి వైపు నుంచే."